గెలిచినవాని ఋణము

మనుష్యుడు మూడు ఋణములతో జన్మించునని మన పూర్వులు చెప్పిరి. దేవఋణము యజ్ఞముచేతను, పితృఋణము సంతానముచేతను, ఋషిఋణము బ్రహ్మచర్యమున జేసిన విద్యాభ్యాసముచేతను తీరునట. కాని నేర్చుటతోనే ఋషిఋణము తీరునా? నేర్చినదానిని తనకంటె చిన్నవారికి నేర్పువరకు నది తీరదని మా యభిప్రాయము. ఈ ధర్మము పుస్తకవిద్యకే గాక ఆటకును చెల్లునా యని యడుగువారికి పుల్లెల గోపీచందు చరిత్రము తగిన సమాధానము.

ఈయన 1973వ సంవత్సరమున నాటి ప్రకాశము జిల్లా నాగండ్లలో జన్మించెను. హైదరాబాదున ఆరిఫుగారియొద్దను, పిమ్మట బెంగుళూరున ప్రకాశ్ పదుకొణెగారియొద్దను బ్యాడ్మింటను నేర్చెను. 1994లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్సలు జరిగినను ఆట విడువలేదు. 2001 మార్చిలో చైనా దేశపు చెన్ హాంగును ఓడించి ఆలింగ్లండు బిరుదమును గెలిచెను. అంతకుముందు 1980లో ఆ బిరుదమును మన దేశమునకు తెచ్చినవారు గురువగు ప్రకాశుగారే.

గెలుపు వెంటనే పరీక్ష వచ్చెను. శీతలపానీయమును ప్రకటించిన ధనమిత్తు మనిరి. అది ఆరోగ్యమునకు హితము గాదని తాను మానినవాడు గనుక ఈయన నిరాకరించెను. గెలిచినవాని మాటను పిల్లలు నమ్ముదురు. ఆ నమ్మకము పిల్లల సొత్తు, దాని నమ్ముకొను నధికారము వానికి లేదు.

ఆట ముగిసిన పిమ్మట శిక్షణాలయము నెలకొల్పబూనెను. ప్రభుత్వము గచ్చిబౌలిలో స్థలమిచ్చెను. ధనము చాలక ఈయన తన యింటిని తాకట్టు పెట్టెను, దాతయొకరు తోడ్పడిరి, 2008లో శాల తెరువబడెను. 2000 సిడ్నీ ఒలింపిక్కులలో తనకు దొరకని పతకము 2012లో సైనా నెహ్వాలునకు కంచుగాను, 2016లో పి. వి. సింధునకు వెండిగాను దొరకెను. ఆడపిల్లకు ఆటయేల యని నేటికిని అనువారు ఈ రెండు పేరులను తలచుకొందురుగాక.

అయితే శిష్యులు గెలుచుటకంటె విడిచిపోవుట గురువునకు గొప్ప పరీక్ష. సైనా 2014లో వేఱొక శిక్షకుని చెంతకు పోయి, 2017లో మరల వచ్చెను. తలుపు మూయబడలేదు. తాను నేర్పినవారు తనవారని తలచువాడు ఋణము తీర్చుట లేదు, వడ్డీకి అప్పిచ్చుచున్నాడు.

ఇచ్చట నొక యాక్షేపణ గలదు. పిల్లలకు ఆట నేర్పుటకు ఒకడు ఇల్లు తాకట్టు పెట్టవలసివచ్చుట మెచ్చదగినదా? త్యాగము త్యాగికి భూషణము. త్యాగి లేనిదే పని సాగని సంఘమునకు దూషణము. మా యానాము నుండి గౌతమిపై వంతెన దాటిపోయిన కోనసీమ, అందు అమలాపురము. అచ్చటి వ్యాయామోపాధ్యాయుని కుమారుడు సాత్విక్ సాయిరాజు 2014లో గోపీచందు శాల జేరి, 2022లో మన దేశము తొలిసారి థామసుకప్పు గెలిచినపుడు ఆ జట్టులో నుండెను. కాని చిన్ననాడే గోదావరి తీరము విడిచి హైదరాబాదు పోవలసివచ్చెను. ప్రతి గృహస్థుడును పిల్లను అంతదూరము పంపగలడా?

అందుచే పొగడ్తతో మన పని తీరదు. బంతియాటయో, చెడుగుడో, ఈతయో చిన్నతనమున నేర్చిన పెద్దలు ప్రతి యూరను గలరు. వారు సాయంకాలము గడియసేపు వీధిపిల్లలకు నేర్పవచ్చును; తల్లిదండ్రులు ఆ గడియను ప్రయివేటు చదువునకు లాగుకొనక విడువవచ్చును. దీనికి ఇల్లు తాకట్టు పెట్టనక్కరలేదు.