మన దుస్తులు – మన జవాబుదారీ

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా టేకులపల్లి మండలం 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. లంబాడీ తండాలు, కోయగూడేలు, అడవి, నడుమ పత్తిచేలు. విచిత్రమేమంటే, ఆ పత్తి ఏరే కూలీ తల్లుల ఒంటిమీద తరచూ కనిపించేది నూలుచీర కాదు, పాలిస్టర్ చీర. కారణం తెలిసిందే. అది చవక, త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, తొందరగా చిరగదు.

పాలిస్టర్ అంటే పెట్రోలియం నుంచి తీసే ప్లాస్టిక్కే. ప్రపంచంలో ఏటా బట్టల కోసం తయారయ్యే పోగుల్లో సగానికి పైగా ఇదే. ఉతికినప్పుడల్లా దీని నుంచి కంటికి ఆనని పోగులు రాలతాయి. ఒక్క వస్త్రం ఒక్క ఉతుకులో 1900కు పైగా పోగులు వదలగలదని 2011లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. వాటిలో ఎన్నో నీటివెంట పోయి నదుల్లో, సముద్రాల్లో, చివరికి చేపల కడుపుల్లో చేరుతున్నాయి. బట్టను పారేస్తే మట్టిలో కలవదు, తగులబెడితే విషపు పొగ.

మరి ఆ కూలీ తల్లి దోషి అవుతుందా? 'చేనేత కట్టుకోమ్మా' అని ఆమెకు ఉపదేశించడం మాకు న్యాయంగా తోచదు. ఉన్న కొద్ది చీరలనే ఆమె చిరిగేదాకా కడుతుంది, ఆపైన బొంత కుట్టుకుంటుంది. అడగవలసింది రెండుసార్లు తొడిగిన బట్టలతో నిండిన మన బీరువాలను. నూలైతే చాలనుకోవడమూ సరికాదు. ఒక్క నూలు చొక్కాకు సుమారు 2700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. పురుగుమందుల సంగతి ఖమ్మం పత్తిరైతుకు వేరే చెప్పాలా!

దివ్యఖుర్ఆన్ (7:31) అలంకరణను నిషేధించలేదు, మితిమీరడాన్ని వారించింది. దైవప్రవక్త (స) తమ దుస్తులను స్వయంగా కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఈనాడు అతుకు మనకు నామోషీ అయింది.

"పాతవి పేదలకిస్తున్నాం కదా!" అంటారు కొందరు. మనకిస్తే మనసారా పుచ్చుకోలేని నాసి వస్తువును దానానికి ఎంచుకోవద్దని ఖుర్ఆన్ (2:267) హెచ్చరిస్తోంది. వెలిసిపోయిన పాలిస్టర్ మూటను తండాకు చేర్చడం దానమా, చెత్త తరలించడమా?

ఇది చదివి ఉన్న పాలిస్టర్ బట్టలు పారేయనక్కర్లేదు. చిరిగేదాకా తొడగండి, మాసినప్పుడే ఉతకండి. కొనక తప్పనప్పుడు స్తోమత గలవారు నూలు, చేనేత అడగండి. రంజాన్‌కు ఇంట్లో ఎవరికి ఎన్ని జతలన్న లెక్క మాత్రం అంగడికి వెళ్ళకముందే తేల్చుకోవాలి. దుకాణంలో కూర్చున్నాక అది తేలదు.