"మా నాన్న లేస్తాడు" అన్నాడు ఫ్రెండ్: బైబిల్లో నిత్యజీవం అంటే ఏంటి?

పోయినవారం వీడియోలో గీత రెండో అధ్యాయం చెప్పుకున్నాం కదా, పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ శరీరాన్ని మారుస్తుందని. ఆ మాట నేను ఒకసారి చెప్పకూడని చోట చెప్పాను.

మా టీమ్‌లో ఒకతను క్రిస్టియన్. వాళ్ల నాన్నగారు పోయినప్పుడు పలకరించడానికి వెళ్లి, "శరీరమే కదరా పోయింది, ఆత్మ ఎక్కడికీ పోదు" అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నా. వాడు కాసేపు ఊరుకుని, "నాకు ఆత్మ ఒక్కటే కాదురా, మా నాన్న కావాలి. మా నాన్న లేస్తాడు" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంటికొచ్చి బైబిల్ తెరిచాను.

"వాళ్లకి స్వర్గం, మనకి మోక్షం, అంతే తేడా" అనుకుంటాం మనలో చాలామంది. నేనూ అంతే. కానీ బైబిల్ ఇచ్చే ఆశ పునరుత్థానం. అంటే పునర్జన్మ కాదు, ఇంకో తల్లికి ఇంకో బిడ్డగా పుట్టడం కాదు. చనిపోయిన ఆ మనిషినే దేవుడు మళ్లీ లేపుతాడని.

కొరింథులోని తొలి క్రైస్తవుల్లోనే కొందరు దీన్ని నమ్మలేదు. క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు వాళ్లకి రాసిన మొదటి పత్రికలో 15వ అధ్యాయమంతా దానికి జవాబే. ఆయన చెప్పిన పోలిక విత్తనం: నాటిన రూపం వేరు, మొలిచిన రూపం వేరు, అయినా ఆ విత్తనం నుంచే. క్రీస్తు లేవకపోతే తమ విశ్వాసమే వ్యర్థమని కూడా ఆయనే ఒప్పుకుంటాడు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, మొత్తం సిస్టమ్ ఒకే డిపెండెన్సీ మీద నిలబెట్టి, ఆ సంగతి దాచకుండా రాసిపెట్టాడు!

నన్ను ఎక్కువ ఆపింది యోహాను సువార్త 11వ అధ్యాయం. బేతనియలో లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. అంత్యదినాన లేస్తాడని తెలుసు అంటుంది అక్కచెల్లెళ్లలో మార్త. యేసు అతన్ని లేపబోతున్నాడు. అయినా సమాధి దగ్గరికి వెళ్తూ ఏడుస్తాడు. లేపేవాడు ఏడవడం ఎందుకు? బైబిల్‌కి చావు బట్ట మార్చడం కాదు, శత్రువు. పౌలు దాన్ని చివరి శత్రువు అనే అన్నాడు. పండితులు శోకించరని మన కృష్ణ పరమాత్మ అన్నారు. ఈ రెండూ ఒకటే అని సర్దేయడం నావల్ల కాదు.

నిత్యజీవం చచ్చాకే మొదలవుతుందా అంటే, అదీ కాదు. అదే సువార్త 17వ అధ్యాయంలో దేవుణ్ణి, ఆయన పంపిన క్రీస్తును ఎరగడమే నిత్యజీవం అని ఉంటుంది. మనకి వెంటనే బ్రహ్మజ్ఞానం గుర్తొస్తుంది. కానీ ఇక్కడ ఎరిగేవాడు దేవుడిలో కరిగిపోడు, భక్తుడు భక్తుడిగానే ఉంటాడు. రామానుజులవారు చెప్పే వైకుంఠం కాస్త దగ్గర. అయితే అక్కడా ఈ మట్టిలో పడుకున్న దేహం లేవడం అనేది లేదు.

ఆ ఏడాది ఈస్టర్‌కి తెల్లవారుజామునే వాడితో సమాధుల తోటకి వెళ్లాను. ఎటు చూసినా పూలు, కొవ్వొత్తులు. వాళ్లమ్మగారు సమాధి రాయి తుడిచి బంతిపూలు పెడుతున్నారు. ఈసారి నేనేమీ చెప్పలేదు. "అంకుల్ ఎలా ఉండేవారురా?" అని అడిగాను. తెల్లారేదాకా చెబుతూనే ఉన్నాడు.