గెలుపు ఎవరి ఖాతాలో?

మార్కెటింగ్‌లో ఉన్నన్నాళ్లూ నేనడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు నా దగ్గర ముందే ఉండేది. మీ బండి మైలేజీ ఎంతిస్తోందని అడిగేది తెలుసుకోవడానికి కాదు, ‘ఏమిస్తోంది లెండి’ అని ఎదుటి మనిషి నోటితోనే అనిపించడానికి. ఆ మాట వచ్చిందంటే సగం బేరం కుదిరినట్టే. అందులో మోసం లేదు. సరుకు మంచిదే, అవసరమూ నిజమే. కాకపోతే మాటలు ఎక్కడ ముగియాలో మొదలవకముందే తేలిపోయేది.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. కొత్తగా టీమ్ బాధ్యతలు అందుకున్నవాళ్లకు కోచ్‌గానూ ఉంటున్నాను. వృత్తి మారిందంటారు అందరూ. మనిషిని గమనించడం, మాట్లాడించడం, పైకి చెప్పనిది పట్టుకోవడం అప్పుడూ ఉన్నవే. మారిందల్లా గెలుపు ఎవరి ఖాతాలో పడుతుందన్నదే.

బిల్ క్యాంప్‌బెల్ జీవితం నాకు ఆసక్తి కలిగించేది ఇందుకే. 1974 నుంచి 1979 దాకా అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు ఆయన హెడ్ కోచ్. గెలిచినవి 12 ఆటలు, ఓడినవి 41. ఆ పనికి కావలసిన కరుకుదనం తనలో లేదని ఆయనే అన్నారు. తర్వాత ప్రకటనల రంగంలోకి వెళ్లి, కొడాక్ మీదుగా 1983లో ఆపిల్ మార్కెటింగ్‌కు చేరారు. ఇంట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి సీఈఓ అయ్యారు. చివరికి ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్, అప్పటి గూగుల్ సీఈఓ ఎరిక్ ష్మిట్ వంటివాళ్లు ఆయన సలహా కోసం కూర్చున్నారు. మైదానంలో కోచ్ పేరు పక్కన స్కోరు రాస్తారు, అక్కడ మెత్తదనం లోపం. ఎదుటివాళ్ల గెలుపే తన పనైన చోట అదే మెత్తదనం పెట్టుబడి అయింది.

అయితే పాత అలవాటు అంత తేలిగ్గా వదలదు. 1992లో వచ్చిన పుస్తకంతో జాన్ విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో పద్ధతి కోచ్‌లందరికీ తెలిసిందే: లక్ష్యం, వాస్తవం, దారులు, సంకల్పం. ఒప్పించడంలో ఆరితేరినవాడు ఈ నాలుగు ప్రశ్నలతోనే ఎదుటి మనిషిని తనకు నచ్చిన చోటికి తీసుకుపోగలడు. పైగా, అది తన సొంత నిర్ణయమేనని ఆ మనిషి నమ్ముతాడు కూడా. తిన్నగా సలహా చెప్పేయడం కన్నా ఇది ప్రమాదకరం.

అలాగని అన్నీ అడిగే రాబట్టాలనుకోవడమూ చాదస్తమే. బ్రేక్ ఈవెన్ లెక్క ఎలా కట్టాలో క్లాసులో నేను చెప్పాల్సిందే. ఉద్యోగం వదలాలా, టీమ్‌లో ఒకరిని తప్పించాలా అన్నచోట మాత్రం ఫలితం అనుభవించేది నేను కాదు. తెలిసింది చెప్పడం పాఠం. తీర్పు ఎదుటివాళ్లకు వదలడం కోచింగ్. ఏది ఎప్పుడో తేల్చుకోవడమే ఈ వృత్తిలో నాకు రోజూ ఉండే పరీక్ష.

నేననుకున్నదానికి పూర్తి భిన్నమైన నిర్ణయంతో ఒకరు లేచి వెళ్తారు. ఎందుకలా నిర్ణయించుకున్నారో, ఏది పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారో స్పష్టంగా చెప్పగలిగితే నా పని అయినట్టే. సేల్స్ రిపోర్టులో అయితే దాన్ని చేజారిన బేరం కిందే రాసేవాణ్ణి.