గడువు లేని చెర

దొంగతనము రుజువై మూడేండ్ల శిక్ష పొందినవాడు చెరసాల గోడపై గీతలు గీసికొని దినములు లెక్కింపవచ్చును. తాను వెలుపలికి వచ్చు దినమేదో వానికి తెలియును. కేవలము అనుమానముచే నిర్బంధింపబడినవానికి ఆ లెక్క లేదు. శిక్షకు కొలబద్ద నేరము. నేరమే తేలనప్పుడు దేనితో కొలుతురు? కావుననే యట్టి నిర్బంధమునకు గడువుండదు. దోషియని తేలినవానికంటె తేలనివాని గతియే హీనమగుచున్నది. ఉగ్రవాదుల భయముచే నాగరిక ప్రభుత్వములే ఈ వైపరీత్యమును శాసనబద్ధము చేయజూచినవి.

2001 సెప్టెంబరులో తమ దేశమున జరిగిన ఘోరకృత్యమునకు పిమ్మట, అమెరికా ప్రభుత్వమువారు క్యూబా ద్వీపమందలి గ్వాంటనామో నౌకాస్థావరమున 2002 జనవరి 11వ తేదీన నొక చెరసాల తెరచిరి. క్రమముగా దాదాపు 780 మంది యచ్చట బందీలైరి. వారిలో మిక్కిలి పెక్కుమందిపై ఏ అభియోగమును మోపబడలేదు. లఖ్దర్ బూమెదియెన్ అను అల్జీరియా దేశీయుడు వారిలో నొకడు. బోస్నియాలో రెడ్ క్రెసెంటు సంస్థ తరఫున పనిచేయుచుండిన యితనిని, మఱి యైదుగురిని, సారయేవోలోని అమెరికా రాయబార కార్యాలయమును పేల్చుటకు కుట్ర పన్నిరని 2001 అక్టోబరులో పట్టుకొనిరి. సాక్ష్యము లేదు, విడువుడని బోస్నియా న్యాయస్థానము 2002 జనవరిలో నాజ్ఞాపించెను. విడిచినట్లే విడిచి వారిని అమెరికావారి కప్పగించిరి. తమ నిర్బంధము న్యాయమా యని కోర్టు నడుగు హక్కు వారికి గలదని అమెరికా సుప్రీముకోర్టు 2008 జూన్ 12న తేల్చెను. అదియు నైదుగురు న్యాయమూర్తులొక ప్రక్క, నలుగురొక ప్రక్క! తీరా విచారణకు వచ్చునప్పటికి రాయబార కార్యాలయపు కుట్రమాటను ప్రభుత్వమే విడిచిపెట్టినది. మిగిలిన యారోపణకు ఆధారము పేరు చెప్పని యొకానొకని మాట. అది చాలదని న్యాయమూర్తి ఆరుగురిలో నైదుగురిని విడువుమనెను. బూమెదియెన్ ఫ్రాన్సు చేరునప్పటికి 2009 మే మాసము. ఏడేండ్లు గడచినవి.

గౌతముని న్యాయశాస్త్రమందలి పదునాఱు పదార్థములలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. నడుమ ప్రయోజనము, దృష్టాంతము, సిద్ధాంతము, అవయవములు, తర్కము గలవు. సంశయమును గౌతముడు దోషముగా నెంచలేదు. అది లేనిదే విచారణ పుట్టదు. గ్వాంటనామోలో జరిగిన తప్పు సంశయించుట కాదు. మూడవ మెట్టుపై కూర్చుండి తొమ్మిదవ మెట్టెక్కితిమనుకొనుట. పైగా అభియోగమే లేనివాడు దేనిని ఖండింపగలడు? "నేను దొంగను గాను" అనుటకు ముందు దొంగవని యెవరైనను అనవలెను గదా.

బాంబు పేలిన తరువాత సాక్ష్యములతో నేమి పని యని యడుగువారున్నారు. ఆ మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట తర్కము చదువుట సులభము గాదు. అనుమానముపై పట్టుకొనవచ్చును, కొన్ని దినములుంచి ప్రశ్నింపవచ్చును. కాని దినములు గడచినకొలది ఆ యనుమానము సాక్ష్యముగా పండవలెను, లేదా రాలిపోవలెను. ఏడేండ్లకును పండలేదనిన, లోపము బందీది కాదు.

ఇంగ్లాండువారు 2001లో చేసిన చట్టము ఉగ్రవాదులని శంకింపబడిన విదేశీయులను మాత్రమే విచారణ లేక, గడువు లేక నిర్బంధింపనిచ్చెను. శంకితులలో స్వదేశీయులును ఉండగా వారికి లేని చెర వీరికేల? ప్రభువుల సభ న్యాయమూర్తులు తొమ్మండుగురిలో ఎనమండుగురు 2004 డిసెంబరులో ఈ చట్టము మానవహక్కులకు విరుద్ధమనిరి. పొరుగువానిది కాని స్వేచ్ఛను హరించుట యెంత సులభము!

మన మాట? విచారణ లేని నిర్బంధమును విధించు రౌలటు చట్టమును 1919లో దేశమెల్ల నెదిరించినది. స్వతంత్రులమై వ్రాసికొన్న రాజ్యాంగమందే, విచారణ లేక మూడు మాసములును, సలహా సంఘము సమ్మతించినచో అంతకు మించియు నిర్బంధించుటకు 22వ అధికరణము తావిచ్చినది. నిర్బంధితుడు అత్యవసర పరిస్థితిలో హైకోర్టు తలుపు తట్టజాలడని 1976 ఏప్రిల్ 28న మన సుప్రీముకోర్టు చెప్పినప్పుడు, అయిదుగురిలో హెచ్. ఆర్. ఖన్నా యొక్కరే కాదనిరి. ఆ తీర్పును 2017లో ఆ న్యాయస్థానమే త్రోసివేసినది. మూడు మాసముల గడువును రెండింటికి తగ్గించుటకు 1978లో చేసిన 44వ సవరణలోని భాగము మాత్రము నేటివఱకు అమలులోనికి రాలేదు.