కంచెకు ఇవతల

నడికుడి జంక్షన్‌లో దిగి నడిస్తే మా బీడుకు ముప్పావుగంట. మూడెకరాల పది సెంట్లు. జానెడు మట్టి, దాని కింద నాపరాయి. తాత జొన్న వేసి చూశాడు, నాన్న కంది వేసి చూశాడు, ఇద్దరూ మానుకున్నారు. ఇప్పుడక్కడ రేగుపొదలు, తంగేడు, సర్కారు తుమ్మ. నాన్న పోయాక అది నా పేరున, బాబాయి పేరున ఉమ్మడిగా ఉంది. కింద ఉన్న సున్నపురాయి కోసం ఒకాయన కొంటానని వచ్చాడు. బాబాయి సంతకం పెట్టేశాడు. నాది మిగిలింది.

పెట్టడానికి నాకేంటి అభ్యంతరం? నేను సేద్యం చేసేవాణ్ణి కాను, హైదరాబాదులో ఉంటాను. నేనుండే అపార్ట్‌మెంటు సిమెంటుతో కట్టిందే, ఆ సిమెంటు పల్నాటి రాతిదే అయినా ఆశ్చర్యం లేదు. కానీ ఆరేళ్ళుగా నాకొక అలవాటు ఉంది. చలికాలం రాగానే బైనాక్యులర్సూ కెమెరా భుజాన వేసుకుని అడవికి పోతాను. ఆ అలవాటే ఇప్పుడు ఈ కాగితానికి అడ్డం పడింది.

మావైపు వాళ్ళకి అడవి దూరమేం కాదు. నడికుడి నుంచి మాచర్లకు రైలుంది. అక్కణ్ణించి సాగర్ రోడ్డు పట్టుకుంటే మధ్యలో ఎత్తిపోతల. డెబ్బై అడుగుల పైనుంచి నీళ్ళు దూకుతాయి, కింద మడుగులో మొసళ్ళు. వాటి పెంపకం కేంద్రం కూడా అక్కడే ఉంది. ఇంకా పడమటికి పోతే నల్లమల. దాని పేరు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, దేశంలో పులుల కోసం కేటాయించిన అడవుల్లో అతి పెద్దది. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి ఆరు దాకా బండ్లు పోనివ్వరు. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు జంతువులది. మనుషులు ఇంకొకళ్ళ కోసం దారి వదిలిపెట్టిన సందర్భాలు నాకు అంత ఎక్కువ గుర్తులేవు. అందుకే ఆ గేటు నాకిష్టం.

ఆ రోడ్డు మీదే తుమ్మలబయలు అనే చోట జీపు ఎక్కించి అడవి చూపిస్తారు. రెండేళ్ళ కింద నేనెక్కిన జీపులో దారి చూపడానికి ఒక చెంచు కుర్రాడు వచ్చాడు. పులి కనపడలేదు. (ఇప్పటిదాకా కనపడలేదు. నా కెమెరాలో ఉన్నదంతా దుప్పులూ నెమళ్ళే.) కానీ అతను ఇసుకలో అడుగు చూపించాడు, చెట్టు మీద ఎలుగు గీరిన గీతలు చూపించాడు, ఒక కూత విని "అదుగో, అది భయపడింది" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మాటల్లో అడిగాడు.

"మీ ఊరి పక్కన ఏముంటయ్ సార్?"

"ఏమీ లేవు" అన్నాను. "అంతా రాళ్ళూ, సిమెంటు ఫ్యాక్టరీలూ."

ఆ జవాబు అప్పుడు నాకేమీ అనిపించలేదు. కాగితం చేతికొచ్చాక గుర్తొచ్చింది.

ఎందుకంటే నాకు తెలుసు, అది అబద్ధం. చిన్నప్పుడు ఆ బీడులోనే మేకల వెంట తిరిగాను. చెవులపిల్లి పొదలోంచి లేచి ఉరికితే గుండె జారిపోయేది. ఉడుములుండేవి. రాత్రి నక్కలు కూసేవి. కౌజులు ఒక్కసారే గుంపుగా లేచేవి. ఇవన్నీ ఎరిగినవాణ్ణి, అడివి దగ్గర ఒక మనిషి అడిగితే "ఏమీ లేవు" అన్నాను. టికెట్టు పెట్టిన చోట ఉన్నదే నా లెక్కలో ఉన్నట్టు.

ఎత్తిపోతలలో కలిసే వాగులు మూడు. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు. చూడండి ఆ పేర్లు. పులివాగు అనలేదు. నక్కా తుమ్మా, మా బీడులో ఉన్నవే. జీపు ఎక్కే చోటు పేరు కూడా తుమ్మలబయలే. పేర్లు పెట్టినవాళ్ళకి అడవికీ బీడుకీ మధ్య గేటు లేదు. ఆ గేటు తర్వాత వచ్చింది. రావాల్సిన అవసరం ఉండే వచ్చింది, అది లేకపోతే ఈపాటికి నల్లమలలో ఏం మిగిలేదో ఊహించుకోవడం కష్టమేం కాదు. ఆ గేటు ఖరీదు తరాలుగా లోపలే బతుకుతున్న చెంచులు ఎక్కువ కట్టారన్నది కూడా నిజమే. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా వాళ్ళ గూడేలు ఉండాలా పోవాలా అన్న వాదన తెగలేదు. నా బాధ ఇంకొకటి. గేటుకి అవతల కాపాడుతున్నాం అనే నిశ్చింత, ఇవతల ఏం చేసినా పర్లేదనే ధైర్యాన్ని నాకిచ్చింది. ఆదివారం గుడికిపోయి సోమవారం తూకంలో మోసం చేసే షావుకారుకీ నాకూ తేడా ఎక్కడుంది?

కలివికోడి కథ చాలామంది వినే ఉంటారు. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోతే ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమలలో ఒక స్థానికుడు రాత్రిపూట పట్టుకుంటే, ఉందని లోకానికి తెలిసింది. పట్టుకున్న పిట్ట కొద్దిరోజులకే చచ్చిపోయింది. అది ఉండేది మహారణ్యంలో కాదు, ముళ్ళపొదలూ వాటి మధ్య ఖాళీనేలా ఉన్నచోట. రెవెన్యూ కాగితాల్లో పనికిరాని భూమి అని రాయించుకునే రకం నేల. దాని కోసం అక్కడ అభయారణ్యం వచ్చింది. ఆ తర్వాత తెలుగుగంగ కాలవ తవ్వకం ఆ పొదల్లోకే వస్తే, అభ్యంతరాలు లేచి కాలవ దారి మార్చాల్సొచ్చింది. ఒక పిట్ట కోసం కాలవ పక్కకు తిరిగింది! మా బీడులో కలివికోడి ఉందని నేననను. లేదు. అసలు చిక్కంతా అక్కడే. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ప్రాణి ఉంటేనే ఆ నేలకు విలువా? ఎక్కడైనా ఉండే నక్కకి, ఎక్కడా ఉండే హక్కు లేదా?

ఇదంతా బాబాయి దగ్గర ఇంత చక్కగా చెప్పలేకపోయాను. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు, పల్నాడు మిరపతోటల్ని ఊడ్చిపెట్టినప్పుడు ఆయన నాలుగెకరాలు కౌలుకి వేసున్నాడు. పూతంతా రాలిపోయింది. ఆ అప్పు ఇంకా తీరలేదు. అరుగు మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నాడు.

"పులికంటే గవర్నమెంటోళ్ళు అడివిచ్చారు. నక్కకి నన్నియ్యమంటన్నావు. నాకెవురిస్తార్రా అబ్బాయ్?"

నేను ఉప్పలపాడు సంగతెత్తాను. గుంటూరు పక్కన, ఊరి చెరువుల్లోనే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వేలకొద్దీ చేరతాయి, జనం వాటిని ఉండనిచ్చారు, అక్కడ ఊరికీ పక్షులకీ మధ్య పెద్ద గోడేం లేదు అని.

"చెరువు ఊరందరిది. అందరిదీ ఇయ్యటం తేలిక. బీడు నాది."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఊరికి దూరంగా ఉన్నవాడి దయకి ఊళ్ళో ఉన్నవాడు డబ్బు కట్టడం న్యాయం కాదు. అట్లా అని ఆయన అవసరమే ధర్మం అనుకుని సంతకం పెట్టేసి, డిసెంబరులో మళ్ళీ తుమ్మలబయలు జీపెక్కడం కూడా నావల్ల కాదు. ఒక రాత్రి లెక్క వేశాను. కెమెరా లెన్సు లక్షా నలభై వేలు. ఆరేళ్ళ ప్రయాణాలు, గదులు, జీపులు కలిపితే ఇంకో లక్షన్నర. బాబాయి వాటాకి వాళ్ళిస్తానన్న దానిలో ఇది మూడో వంతు కూడా కాదు. కానీ సున్నా కాదు. ప్రకృతి మీద నాకున్న ప్రేమకి మొదటిసారి ఒక అంకె కనపడింది. ఆ డబ్బు ఇన్నాళ్ళూ ఎవరికి ఇచ్చానో కూడా కనపడింది.

ఆయన వాటా నేనే కొంటానని, మూడేళ్ళలో కడతానని అడిగాను. బాబాయి నవ్వాడు. "రాళ్ళకి వాయిదాలు కడతావంట్రా?" అన్నాడు. కాదనలేదు, ఔననలేదు. కొంటానన్నాయన ఉగాది తర్వాత వస్తానన్నాడట.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బీడుకు పోయాం. చాలా ఏళ్ళ తర్వాత నేను దాని మధ్యలోకి నడవడం. ఉత్తరం వైపు పొదలు ఎవరో కొట్టుకుపోయారు. తీతువు ఒకటి నెత్తిమీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఆ కూత అపశకునమని అమ్మ చెవులు మూయించేది. నేను బైనాక్యులర్సు ఎత్తి దాన్ని చూస్తూ రెండడుగులు వేశాను. బాబాయి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"కింద చూడు. గుడ్లున్నయ్."

నాకు రాళ్ళే కనపడ్డాయి. ఆయన వంగి వేలు పెట్టి చూపిస్తే అప్పుడు కనపడ్డాయి, నాలుగు, మట్టిరంగు మీద నల్లమచ్చలు, గూడూ లేదు ఏమీ లేదు, గులకరాళ్ళ మధ్య ఉత్త నేలమీద. బాబాయి ఒక రేగు కొమ్మ విరిచి, అటు మేకలొచ్చే దారికి అడ్డంగా వేశాడు. తర్వాత హద్దురాయి ఎక్కడుందో చూపిస్తానని ముందు నడిచాడు.