చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసినా నాకు సమాధానం ఎందుకు దొరకలేదు?



మీలో చాలామంది నన్ను కలిసినప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. "జాబ్ మారాలా వద్దా, విదేశం వెళ్ళాలా వద్దా, ఈ సంబంధం ఒప్పుకోవాలా వద్దా... ఇలాంటి పెద్ద నిర్ణయాల్లో దేవుడి మాట మనకి ఎలా తెలుస్తుంది?" ఈ ప్రశ్నకి పైపైన జవాబు చెప్పడం తేలికే. కానీ నేను కూడా అదే ప్రశ్న పట్టుకుని తిరిగినవాణ్ణి. అందుకే ముందు నా సంగతి చెప్తాను, తర్వాత గీత దగ్గరికి వద్దాం.

రెండేళ్ళ కిందటి మాట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా కంపెనీ నా పేరు హెచ్-1బి లాటరీకి పంపింది. ఏడాదికి ఉండేవి 85,000 వీసాలు, అడిగేవాళ్ళు లక్షల్లో. అందుకే కంప్యూటర్ లాటరీ తీస్తుంది. అందులో నా పేరు వచ్చింది. పది రోజుల్లో కన్ఫర్మ్ చేసి పేపర్లు పంపమని హెచ్‌ఆర్ నుంచి మెయిల్.

సరిగ్గా అదే నెలలో ఖమ్మంలో మా నాన్నకి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు. అమ్మ ఒక్కతే ఆటోలో తీసుకెళ్ళి తీసుకొస్తోంది. చెల్లి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఇంటి లోన్ ఇంకా చాలా ఉంది. నేను అమెరికా వెళ్తే డబ్బుకి లోటుండదు, కానీ ఇంట్లో నేనుండను. ఇక్కడే ఉంటే నేనుంటాను, డబ్బే చాలదు.

ఎవరికి చెప్పినా ఒకటే మాట: "లాటరీలో వచ్చిందంటే దేవుడు ఇచ్చినట్టే రా, ఇంకా ఆలోచిస్తావేంటి?" కానీ నా టీమ్‌లోనే ఇంకో అబ్బాయి ఉన్నాడు. నాకంటే భక్తి ఎక్కువ. వరసగా మూడో ఏడు కూడా వాడి పేరు రాలేదు. నాకు వచ్చింది దేవుడి మాట అయితే, వాడికి రాకపోవడం ఎవరి మాట? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ శనివారం పొద్దున్నే చిలుకూరు వెళ్ళాను. వీసా బాలాజీ అని పేరు పడ్డ స్వామి. హుండీ లేని గుడి. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108, అక్కడి ఆనవాయితీ మీకు తెలిసిందే. చుట్టూ ఉన్నవాళ్ళు చాలామంది "వీసా రావాలి స్వామీ" అని తిరుగుతుంటే, నేను "వెళ్ళాలో వద్దో చెప్పు స్వామీ" అని తిరిగాను. 11 అయిపోయాయి. ఏమీ తెలియలేదు.

రాత్రి రూమ్‌కి వచ్చి వెంకటేశ్వరస్వామి పటం ముందు రెండు చీటీలు వేశాను. ఒకదాంట్లో "వెళ్ళు", ఇంకోదాంట్లో "వద్దు". కళ్ళు మూసుకుని తీస్తే "వెళ్ళు" అని వచ్చింది. సంతోషించాలి కదా? నేనేం చేశానో తెలుసా, మళ్ళీ తీశాను. "వద్దు" వచ్చింది. సరే, మూడింట్లో ఏది రెండుసార్లు వస్తే అదే అనుకుని మూడోసారి చెయ్యి పెట్టబోయి ఆగిపోయాను. నామీద నాకే నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. స్వామి మాట వింటానని కూర్చున్నవాణ్ణి, స్వామితో బేరమాడుతున్నాను!

ఆ రాత్రి నిద్ర పట్టక గీత తీశాను. రెండో అధ్యాయం అంతకుముందు చాలాసార్లు చదివాను, కానీ ఒక విషయం ఎప్పుడూ గమనించలేదు. అర్జునుడు కృష్ణుడితో, ధర్మం ఏదో నాకు తెలియడం లేదు, నేను నీ శిష్యుణ్ణి, దారి చూపించు అంటాడు. ఇది అందరికీ గుర్తుంటుంది. ఆ వెంటనే ఏమంటాడో చూడండి. "నేను యుద్ధం చేయను" అని చెప్పేసి మౌనంగా కూర్చుంటాడు. దారి చూపమని అడిగిన నోటితోనే నిర్ణయం కూడా చెప్పేశాడు! మనం చేసేదీ అదే కదండీ. జవాబు జేబులో పెట్టుకుని గుడికి వెళ్తాం. స్వామితో దానిమీద సంతకం పెట్టించుకోవాలనుకుంటాం.

కృష్ణుడికి కోపం రాలేదు. చిరునవ్వుతో మొదలుపెట్టాడు. తలచుకుంటే ఒక్క ముక్కలో "లే, యుద్ధం చెయ్" అని ఊరుకోవచ్చు. అలా చేయలేదు. అర్జునుడు ఎన్నిసార్లు అడ్డుపడి అడిగినా ఓపిగ్గా విడమరిచాడు. చివరికి పద్దెనిమిదో అధ్యాయంలో ఏమన్నాడు? నేను చెప్పిందంతా పూర్తిగా విచారించు, ఆపైన నీకు ఎలా తోస్తే అలా చెయ్ అన్నాడు. సాక్షాత్తు భగవంతుడు రథం మీద పక్కనే ఉన్నా, ఆలోచించే పని మాత్రం అర్జునుడి దగ్గరే ఉంచాడు. చీటీ తీసి ఇవ్వలేదు.

"మరి ఆ తర్వాతే కదా అన్నీ వదిలి నన్నే శరణు వేడు అన్నాడు?" అని మీరడగొచ్చు. నిజమే. కానీ వరస చూడండి. ముందు విచారించమన్నాడు, తర్వాత శరణాగతి చెప్పాడు. దుఃఖించకు అని ధైర్యం చెప్పాడు. నాకు అర్థమైనంతలో, మనం స్వామికి అప్పజెప్పాల్సింది భయాన్ని, ఫలితాన్ని. బుద్ధిని కాదు. బుద్ధి కూడా ఆయన ఇచ్చిందే కదా, వాడకుండా తిరిగి ఇచ్చేస్తే ఎలా?

మరి విచారించడం అంటే ఏమిటి? అప్పటికే నేను రాత్రింబవళ్ళు ఆలోచిస్తూనే ఉన్నాను. దీనికి జవాబు నాకు సుందరకాండలో దొరికింది. మా అమ్మ ఏ కష్టం వచ్చినా పారాయణ మొదలుపెట్టేది దానితోనే. వాల్మీకి రామాయణంలో హనుమంతుడు లంకంతా వెతుకుతాడు. రావణుడి అంతఃపురంలో మండోదరిని చూసి సీతమ్మే అనుకుని సంబరపడి, కాదని తెలుసుకుంటాడు. ఎక్కడా కనబడక, ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళలేక, ప్రాణాలు వదిలేద్దామా అన్నంత నిరాశకి వస్తాడు. అప్పుడు ఇంకా వెతకని చోటు ఒకటుందని చూస్తాడు. అశోకవనం. రామలక్ష్మణులకీ, సీతమ్మకీ, దేవతలందరికీ నమస్కరించి అటు దూకుతాడు. ఏ దేవుడూ వచ్చి "అదిగో ఆ చెట్టు కింద" అని చూపించలేదు. ప్రార్థన ఆయనకి లేచి వెతికే బలం ఇచ్చింది.

మరి నేను వెతకని చోటు ఏది? చిలుకూరులో అడిగాను, చీటీలని అడిగాను, ఫ్రెండ్స్‌ని అడిగాను. నాన్నని అడగలేదు! ఆయన బాధపడతాడని అసలు లాటరీ సంగతే చెప్పలేదు. ఆయన తరఫున కూడా నేనే ఆలోచించేస్తున్నాను.

మర్నాడు బస్సెక్కి ఖమ్మం వెళ్ళాను. డయాలసిస్ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఏందిరా, నన్ను అడగడానికి ఇన్ని రోజులు పట్టిందా? వెళ్తే నీకోసం వెళ్ళు. ఉంటే నీకోసం ఉండు. రేపు ఎప్పుడైనా నావల్లే ఆగిపోయాను అనుకుంటే మాత్రం, అది నాకు ఈ సూదులకన్నా ఎక్కువ నొప్పి."

తిరుగు బస్సులో నన్ను నేను ఒక్కటే ప్రశ్న వేసుకున్నాను. ఎవరిమీదా నెపం పెట్టకుండా, దేవుడిమీద కూడా పెట్టకుండా, ఏ నిర్ణయాన్ని "ఇది నాది" అని చెప్పగలను? హైదరాబాద్ చేరేసరికి తేలిపోయింది. హెచ్‌ఆర్‌కి వద్దని రాశాను. రెండు నెలల్లో అమ్మానాన్నలని మా దగ్గరికి తెచ్చుకున్నాను. లోన్ ఇంకా కడుతూనే ఉన్నాను.

అందరూ ఆగిపోవాలని చెప్పడం లేదు. నా చోట మీరుంటే వెళ్ళడమే ధర్మం కావచ్చు. అమెరికాలో ఉన్న ఫ్రెండ్స్ ఫొటోలు చూసిన రోజు నాకూ మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ రోజు కూడా "స్వామీ, ఎందుకిలా చేశావ్?" అని అడగాలనిపించదు. చేసింది నేనే. చేయడానికి ధైర్యం ఇచ్చింది ఆయన.

మీ ముందు ఇప్పుడు ఏదైనా నిర్ణయం ఉంటే, రేపు దీపం పెట్టాక ఐదు నిమిషాలు కూర్చోండి. "ఏం చెయ్యాలో చెప్పు" అనే ముందు, "నేను ఇంకా ఎవర్ని అడగలేదు? ఏది చూడకుండా తప్పించుకుంటున్నాను? అది చూసే ధైర్యం ఇవ్వు" అని అడగండి. తర్వాత లేచి అటు వెళ్ళండి.

ఆ ఏడాది కార్తీకంలో నాన్నని తీసుకుని మళ్ళీ చిలుకూరు వెళ్ళాను. ఆయన ఓ పక్కన కూర్చుంటే, నేను కార్డు పట్టుకుని 108 మొదలుపెట్టాను. పక్కన నడుస్తున్న కుర్రాడు కార్డు చూసి, "వీసా వచ్చిందా అన్నా?" అన్నాడు.

"లేదు తమ్ముడూ, నేనే వద్దనుకున్నా."

"మరి 108 ఎందుకు?"

"అడిగింది దొరికింది" అని చెప్పి, ఇంకో గడి కొట్టేశాను.

గోవిందా గోవింద!