దర్శనానికి వెళితే కుక్క దగ్గర ఎవరుంటారు?

2019 అక్టోబర్ 31న తిరుమల నుంచి పదముగ్గురు అయ్యప్ప భక్తులు కాలినడకన శబరిమలకు బయల్దేరారు. వాళ్ల వెనకాలే ఒక వీధికుక్క కూడా దారి పట్టింది. మొదట్లో ఎవరూ దాన్ని గమనించలేదు. ఊళ్లు దాటుతున్నా మాటిమాటికీ వెనక కనిపిస్తుంటే, తాము వండుకున్నదాంట్లోనే దానికీ ఇంత పెట్టడం మొదలుపెట్టారు. నవంబర్ 17న కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరేసరికి ఆ కుక్క 480 కిలోమీటర్లు నడిచింది. ఫొటోలు పత్రికలకెక్కాయి. జనం మురిసిపోయారు.

చాలామందికి వెంటనే గుర్తొచ్చింది ధర్మరాజు కథే. కానీ ఆ కథలో మనకు బాగా గుర్తున్నది చివరి మలుపు మాత్రమే: కుక్క ధర్మదేవతగా మారింది, ధర్మరాజు బొందితో స్వర్గానికి వెళ్లాడు. అంతకుముందు ఇంద్రుడి రథం దగ్గర జరిగిన వాదన మీదికి మన దృష్టి పోదు. కుక్కతో యాత్రకు బయల్దేరేవాళ్లకు అసలు పనికొచ్చేది అదే.

వ్యాసభారతం మహాప్రస్థానిక పర్వంలో ఇంద్రుడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కుక్కల్ని పెంచేవాళ్లకు స్వర్గంలో చోటు లేదంటాడు. వాళ్ల పుణ్యాన్ని క్రోధవశులనేవాళ్లు హరిస్తారంటాడు. ధర్మరాజు కదలకపోయేసరికి నొప్పి తగిలేచోట కొడతాడు: తమ్ముళ్లనూ ద్రౌపదినీ దారిలో వదిలేసి వచ్చినవాడివి, ఈ కుక్కను వదల్లేవా?

నిజమే. ద్రౌపది పడిపోయినప్పుడు ధర్మరాజు ఆగలేదు. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా కూలినా వెనుదిరగలేదు. ఆయన జవాబు మాత్రం సూటిగా ఉంటుంది. చనిపోయినవాళ్లను తాను బతికించలేడు, బతికుండగా ఎవరినీ వదల్లేదు. ఈ కుక్క బతికే ఉంది, తనను నమ్ముకుని వచ్చింది. నమ్మినదాన్ని వదలడం శరణన్నవాణ్ణి భయపెట్టడం, స్త్రీహత్య, బ్రాహ్మణుడి సొత్తు దొంగిలించడం, మిత్రద్రోహం అనే నాలుగింటికీ సమానమైన పాపమంటాడు. ఆ కుక్కను ఆయన పెంచలేదు, మెడకు తాడు కట్టలేదు. హస్తినాపురం నుంచి అదే వెంటబడి వచ్చింది. అయినా బాధ్యత ఆయనదే అయింది. బాధ్యతకు మూలం సొంతమా కాదా అన్నది కాదు, ఆ ప్రాణి తన మీద ఆధారపడిందా లేదా అన్నది.

మరి కుక్క మైల అనే మాట సంగతి? దానికి జవాబు తిరుపతికి ఎంతో దూరంలో లేదు. శ్రీకాళహస్తి పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నాయి. వేటకుక్కలతో అడవిలో తిరిగిన తిన్నడు పుక్కిటి నీళ్లతో అభిషేకం చేసి, మాంసం నైవేద్యం పెట్టి, చివరికి తన కన్నే పెకలించి ఇచ్చి కన్నప్ప అయ్యాడు. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో ఇప్పటికీ తొలి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీదే. ఆయన తర్వాతే స్వామికి.

అలాగని ప్రతి గుడిలోకీ కుక్కను తీసుకుపోవచ్చని ఈ కథలు చెప్పడం లేదు. 2022 మేలో కేదార్‌నాథ్‌లో ఒకాయన తన హస్కీ కుక్క ముందుకాళ్లను నందికి తాకించిన వీడియో పెద్ద గొడవైంది. ఆలయ కమిటీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. అదే కేరళలోని పరశ్శినికడవు ముత్తప్పన్ గుడిలో కుక్కలు స్వేచ్ఛగా తిరుగుతాయి. ఏ గుడి ఆచారం దానిది. ధర్మరాజు కూడా స్వర్గం నియమం మార్చమని పట్టుబట్టలేదు. కుక్కకు చోటు లేకపోతే తనకూ వద్దన్నాడు.

ఎడ్లబండి రోజుల్లో కుక్కతో యాత్ర ఇంత చిక్కుగా ఉండేది కాదు. కుక్క బండి కింద నీడలో నడుస్తూ వచ్చేది. ఇప్పుడు తలుపులు బిగించిన కారు, ఏసీ, లేదా మంచం పొయ్యీ అమర్చిన కారవాన్. అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇలాంటి బండిలోనే చార్లీ అనే పూడిల్‌తో దేశం చుట్టాడు. చార్లీ రేబిస్ టీకా కాగితం చేతిలో లేక నయాగరా దగ్గర కెనడా దారి మానుకుని బండి తిప్పేశాడు. కుక్క వెంట ఉంటే దారి మారుతుంది. ఆ సంగతి ఒప్పుకున్నాకే తాళంచెవి తియ్యాలి.

తిరుమలలో దర్శనం గంటల పని, రద్దీ రోజుల్లో ఎప్పుడు బయటపడతామో చెప్పలేం. తిరుపతి ఎండ మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో మూసిపెట్టిన కారు లోపల అరగంటలోనే బయటికన్నా 15 డిగ్రీలు పైగా ఎక్కువ వేడెక్కుతుంది. కిటికీ అద్దం రెండంగుళాలు దించితే ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి దిక్కు. లోపలి గాలే నిప్పులా ఉంటే ఆ రొప్పడమూ పనిచేయదు. కారవాన్‌లో ఏసీ వేసి వెళ్లామన్న ధీమా కూడా కరెంటు పోయేదాకే. ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

కాబట్టి ఇంట్లోనే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: కొండ కింద కుక్కతో ఎవరు ఆగుతారు? ఇంటిల్లిపాదీ ఒకేసారి దర్శనం చేసుకోవాలన్న పట్టుదల ఉంటే, దాన్ని ఊళ్లోనే తెలిసినవాళ్ల దగ్గర దిగబెట్టి రావాలి. వెంట తీసుకొస్తే రెండు విడతలుగా వెళ్లాలి, టికెట్లూ అలాగే తీసుకోవాలి. ‘మీరు పోయి రాండి, నేను దీనికాడ ఉంటా’ అనే మనిషి ఒకరు ఇంట్లో లేకపోతే, కారులో కుక్కకూ చోటు చూడకపోవడమే మేలు.